ఇంజిన్ లైటు వెలిగింది... ఐదొందల స్కానర్ సరిపోతుందా?

ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో 'ఓబీడీ స్కానర్' అని కొట్టి చూడండి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే నీలం రంగు డబ్బా ఒకటి నాలుగైదు వందలకే కనిపిస్తుంది. దాని కిందే అచ్చం అలాంటిదే ఇంకోటి, రెండు వేలు. ఇంకాస్త కిందికి జరిపితే పది వేలది. అన్నింటి మీదా ఒకటే మాట, 'అన్ని కార్లకూ పనిచేస్తుంది'. రివ్యూలు చదివితే సగం మంది సూపర్ అంటారు, మిగతా సగం కనెక్టే కాలేదు, డబ్బులు దండగ అంటారు. తమాషా ఏంటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే డబ్బా ఒక కారులో చక్కగా పనిచేసి, పక్క కారులో నోరు మెదపదు. ఎందుకలా అన్నది తెలిస్తే మనకు ఏది కావాలో దాదాపు తేలిపోతుంది.

నాకు సొంత కారు లేదు. హైదరాబాద్‌లో మెట్రో, ఊరికి పోతే బస్సు. మరి నీకెందుకివన్నీ అంటే, మా బావ కోసం.

మాది జనగామ జిల్లా కొడకండ్ల. మా దగ్గర నేత పని తెలిసిన ఇళ్లలో సూరత్‌కో భీవండికో బతకపోయినవాళ్లు ఒక్కరన్నా ఉంటారు. అక్కను చేసుకున్న బావ కూడా సూరత్‌లో మరమగ్గాల మీద ఏళ్లకేళ్లు పనిచేసి, కరోనా తర్వాత ఇక చాలని వచ్చేశాడు. చేతిలో ఉన్నదానికి ఫైనాన్స్ కలిపి హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నాడు. 2014 మోడల్, అప్పటికే లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు 9,200 కిస్తీ. పెళ్లిళ్లు, పాలకుర్తి గుడి, జనగామ స్టేషన్ కిరాయిలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. అసలు ఇల్లు గడిచేది ఆస్పత్రి కిరాయిల మీద. మా వీధిలో ఒక పెద్దమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు హన్మకొండ తీసుకెళ్లి తీసుకురావడం ఆయన పక్కా డ్యూటీ.

ఒక గురువారం, ఆ పెద్దమ్మ వెనక సీట్లో ఉండగానే బండి నీరసపడింది. మీటర్ల మధ్య పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగింది. ఎంత తొక్కినా నలభై దాటట్లేదు. దీన్ని 'లింప్ మోడ్' అంటారు, అంటే కుంటుకుంటూ నడవడం. ఏదో తేడా ఉందని కారులోని కంప్యూటర్‌కు అనుమానం వస్తే ఇంజిన్ పాడవకుండా శక్తిని తనే తగ్గించేస్తుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైంది. పది కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే కథ.

సిటీలో ఒక వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాడు. వాళ్లు ల్యాప్‌టాప్ పెట్టి, స్కానింగ్‌కు వెయ్యి తీసుకుని, ఒక ప్రింటు చేతిలో పెట్టారు. పైన కోడ్ పీ0087. కింద ఎస్టిమేటు: హై ప్రెజర్ పంపు, నాలుగు ఇంజెక్టర్లు, లేబర్ అన్నీ కలిపి 58 వేలు. బావ ఆ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు. కింద ఒక్క లైన్: "ఇది నిజమేనారా? నీ కంప్యూటర్ల చూడు."

అది అమ్ముకుంటే అప్పు తీరదు, బాగు చేయిస్తే ఇంకో అప్పు. ఈలోగా ఆ పెద్దమ్మను వాళ్లబ్బాయి ఆటోలో తీసుకెళ్లి, అక్కణ్నుంచి బస్సెక్కించి తీసుకెళ్తున్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఆ కాగితంలో ఉన్న తిరకాసు వెంటనే తగులుతుంది. ప్రోగ్రామ్ కూలిపోయినప్పుడు లాగ్‌లో 'నల్ పాయింటర్, లైన్ 212' అని వస్తుంది. అంటే లైన్ 212 మార్చెయ్యమని కాదు. అక్కడ బయటపడింది, పుట్టింది ఇంకెక్కడో అని అర్థం. కారు కోడ్ కూడా అంతే. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. బీ అయితే బాడీ, సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి, యూ అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో తేడా. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 అయితే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్. పీ0087కు అర్థం 'ఫ్యూయెల్ రైల్‌లో ప్రెజర్ మరీ తక్కువ'. అంతే. పంపు పోయిందని అందులో ఎక్కడా లేదు. ప్రెజర్ తగ్గడానికి పంపు కారణం కావచ్చు, ఇంజెక్టర్లు కారుతుండొచ్చు, రెగ్యులేటర్ వాల్వ్ కావచ్చు, సెన్సరే అబద్ధం చెబుతుండొచ్చు, పైపులో గాలి దూరి ఉండొచ్చు, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఈ జాబితాలో ఒక చివర వెయ్యి రూపాయలు, ఇంకో చివర 58 వేలు.

వాళ్లు మోసం చేశారని నేను అనడం లేదు. అంత తిరిగిన బండికి పంపు పోవడం వింతేమీ కాదు. కాకపోతే కోడ్‌కూ ఎస్టిమేటుకూ మధ్య ఉండాల్సిన పరీక్షలు ఆ కాగితం మీద లేవు. అవి మనం చూసుకోవాలంటే మన చేతిలో కూడా ఒక రీడర్ ఉండాలి. అలా మొదలైంది నా వెతుకులాట.

ముందు ఆ సాకెట్ సంగతి. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర తడిమితే పదహారు పిన్నుల పోర్టు ఒకటి దొరుకుతుంది. కొన్నింట్లో చిన్న మూత వెనక దాక్కుంటుంది. ఇది మెకానిక్‌ల సౌకర్యం కోసం పుట్టింది కాదు. కాలిఫోర్నియాలో పొగ సమస్య ముదిరి, కార్లు తమ కాలుష్యాన్ని తామే కనిపెట్టుకోవాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. దాని రెండో తరం ఓబీడీ-2. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చింది. అయితే అప్పటికి బీఎస్-4 ఉన్నది హైదరాబాద్ లాంటి కొన్ని పెద్ద నగరాల్లోనే, దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. బీఎస్-6 అయితే 2020 ఏప్రిల్. కాబట్టి 2017 తర్వాతి కారు మీదైతే నిశ్చింతగా ఉండొచ్చు. 2013కూ 2017కూ మధ్యదైతే ఎక్కడ అమ్మిన బండో కనుక్కోవాలి. అంతకంటే పాతదైతే, పోర్టు కనిపించినా లోపల ఆ కంపెనీ సొంత భాష తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఇందులోనే చవక రీడర్ల హద్దు కూడా ఉంది. చట్టం అడిగింది పొగకు సంబంధించినవి మాత్రమే. అందుకే ఇంజిన్ విషయాలు అందరికీ అర్థమయ్యే ఉమ్మడి పద్ధతిలో దొరుకుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ, తాళంచెవి కోడింగ్ లాంటివి ఆ ఉమ్మడిలో లేవు. వాటికి కంపెనీ భాష తెలిసిన ఖరీదైన మెషీన్ కావాలి. ఐదొందల డబ్బా అమ్మేవాడు ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా ఆర్పుతుందంటే నమ్మకండి.

ఇక ఒకే డబ్బా ఒక కారులో మాట్లాడి ఇంకో కారులో ఎందుకు మూగబోతుంది? సాకెట్ ఆకారం అందరికీ ఒకటే, లోపల మాట్లాడే భాష ఒకటి కాదు. కొత్త కార్లన్నీ దాదాపుగా 'క్యాన్' అనే పద్ధతిలో మాట్లాడతాయి. అది పిన్ 6, పిన్ 14 మీద నడుస్తుంది, వేగం సెకనుకు 5 లక్షల బిట్లు. పాత కార్లలో చాలావాటిది 'కే-లైన్', పిన్ 7 మీద ఒకే తీగ, సెకనుకు 10,400 బిట్లు. ఫైబర్ నెట్‌కూ మన చిన్నప్పటి డయలప్‌కూ ఉన్నంత తేడా. మీ కారుది ఏదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫోన్ టార్చ్ వేసి ఆ పోర్టు ఫొటో తీయండి. అన్ని గుంతల్లోనూ లోహం ఉండదు. పెద్ద వైపు పైకి పెట్టుకుని చూస్తే పై వరుస ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరుస 9 నుంచి 16. 6లోనూ 14లోనూ లోహం ఉంటే క్యాన్ అయ్యే అవకాశం ఎక్కువ. అవి ఖాళీగా ఉండి 7లో ఉంటే కే-లైన్. బావతో ఫొటో తీయించాను. మూడుసార్లు ఆయన మోకాలే వచ్చింది. నాలుగోసారి పోర్టు వచ్చింది: 6 ఖాళీ, 14 ఖాళీ, 7లో ఇత్తడి మెరుస్తోంది.

మా టీమ్‌లో ఒకతని దగ్గర 350 రూపాయల డబ్బా ఉంది. తన కొత్త కారులో ఏడాదిగా వాడుతున్నాడు, బ్రహ్మాండం అంటాడు. అడిగి తీసుకెళ్లి ఒక శనివారం బావ బండికి పెట్టాం. బ్లూటూత్ కలిసింది, యాప్ తెరుచుకుంది, 'కారుతో కనెక్ట్ కాలేదు' దగ్గర ఆగిపోయింది. ఊహించిందే. ఆ డబ్బాకు కే-లైన్ రాదు.

ఎందుకు రాదంటే దానికో చిన్న దొంగతనం కథ ఉంది. కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. కార్ల భాషలన్నింటినీ మామూలు కంప్యూటర్ టెక్స్ట్‌గా మార్చే చిప్ తయారుచేసి దానికి ఈఎల్ఎం327 అని పేరు పెట్టారు. మొదటి వెర్షన్‌లో లోపలి ప్రోగ్రామ్‌ను ఎవరూ కాపీ చేయకుండా తాళం వేయలేదు. ఇంకేముంది, దాన్ని చదివేసి కాపీలు కొట్టేశారు. ప్రపంచమంతా ఆ కాపీలే. అసలు కంపెనీ 2022లో మూతపడింది, కాపీలు మాత్రం దేదీప్యమానంగా ఉన్నాయి. కాపీ కొట్టిన తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కో పార్టు పీకేశారు. కొందరు కే-లైన్ సర్క్యూట్ తీసేశారు, కొందరు సగం కమాండ్లు తీసేసి పైన మాత్రం పెద్ద నంబరు అచ్చేశారు. అందుకే వెర్షన్ నంబరు చూసి కొనడం అంత పిచ్చి పని ఇంకోటి లేదు. 'వీ2.1' అని ఉన్న చవక డబ్బాల్లో చాలావరకు 'వీ1.5' వాటికంటే అధ్వానం. ఇంకో విచిత్రం, ఎల్మ్ కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయనే లేదు. అది పూర్తిగా కాపీవాళ్ల సృష్టి. అయినా ఆ పేరుతో అమ్మేవాటిలో పాత డిజైన్ కాస్త పూర్తిగా ఉండి, పాత కార్లకు పనికొచ్చేవి దొరుకుతుంటాయి.

మరి పెట్టె విప్పకుండా మంచిదేదో ఎలా తెలుస్తుంది? పూర్తిగా తెలియదు. నేను చేసిందేంటంటే, వాపసు తీసుకునే చోటే కొనడం, వచ్చిన రోజే పరీక్షించడం. డబ్బా ఏయే కమాండ్లకు జవాబిస్తుందో చూపించే ఉచిత ఐడెంటిఫయర్ యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి. సగం ఎర్ర గుర్తులు వస్తే ఆ రోజే తిప్పి పంపండి. ఇంకో మంచి గుర్తు, అమ్మేవాడు ఏ భాషలు వచ్చో పేరుపేరునా రాశాడా లేదా. 'ఐఎస్ఓ 9141', 'ఐఎస్ఓ 14230' అని రాస్తే కే-లైన్ వస్తుందని ఒప్పుకున్నట్టు. 'అన్ని కార్లకూ' అని రాస్తే ఏమీ ఒప్పుకోనట్టు.

ఫోన్ సంగతి మర్చిపోవద్దు. మామూలు బ్లూటూత్ డబ్బాలు ఆండ్రాయిడ్‌తోనే పనిచేస్తాయి. ఐఫోన్ వాళ్లు బ్లూటూత్ లో ఎనర్జీ రకమో వైఫై రకమో తీసుకోవాలి. వైఫైది పెట్టినంతసేపు ఫోన్ ఆ డబ్బాకే అతుక్కుని నెట్ అందక కాస్త విసిగిస్తుంది. ఫోన్‌తో పెట్టుకోవడం వద్దనుకునేవాళ్లకు చిన్న స్క్రీన్‌తో, వైరుతో వచ్చే హ్యాండ్ రీడర్లు రెండు మూడు వేలల్లో ఉన్నాయి. పెట్టగానే కోడ్ చూపిస్తాయి, ఏ యాప్ అక్కర్లేదు. మా నాన్నలాంటి వాళ్లకైతే నేను అదే ఇస్తాను. కానీ నంబర్లను గ్రాఫ్‌లా చూడటం, స్క్రీన్‌షాట్ తీసి పంపడం ఫోన్‌లోనే తేలిక. మాకు కావాల్సింది అదే.

మొత్తానికి కే-లైన్ వస్తుందని రాసి, వాపసు సౌకర్యం ఉన్న ఒక బ్లూటూత్ డబ్బా 1,750కి తీసుకున్నాను. క్యాన్ కారు అయ్యుంటే ఐదొందలదే తీసుకునేవాణ్ని, నిజంగా. పది వేలది రోజూ నాలుగు బండ్లు చూసేవాళ్లకు పెట్టుబడి, మనకు షోకు.

ఆదివారం పొద్దున బండిని మెకానిక్ అన్న షెడ్డుకు తీసుకెళ్లాం. మా ఊరి రోడ్డు మీద రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, గోడకు మేకులు కొట్టి పానాలు వేలాడదీసి ఉంటాయి. నేను డబ్బా పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి యాప్ తెరిచాను. పది పదిహేను సెకన్లు తిప్పలు పడి కనెక్ట్ అయింది. అదే కోడ్. అయితే దాని వెనక సిటీ కాగితం మీద లేనిది ఇంకోటి దొరికింది, 'ఫ్రీజ్ ఫ్రేమ్'. కోడ్ పడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో కారు తీసి పెట్టుకున్న ఫొటో లాంటిది. ఇంజిన్ 2,900 తిరుగుళ్లు, లోడు 91 శాతం, స్పీడు 71, ఇంజిన్ వేడి 88 డిగ్రీలు. అంటే నిలబడ్డప్పుడు కాదు, చల్లగా ఉన్నప్పుడూ కాదు. బాగా వేడెక్కి, గట్టిగా తొక్కి, డీజిల్ ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడే అందట్లేదన్నమాట.

ఇక్కడ ఒక మాట. చవక యాప్‌లన్నింట్లో 'క్లియర్' అని ఎర్ర బటన్ ఒకటి ఊరిస్తూ ఉంటుంది. నొక్కితే లైటు ఆరిపోతుంది. దాంతోపాటు ఈ ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, కారు తన మీద తాను చేసుకున్న పరీక్షల ఫలితాలూ పోతాయి. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే ఊడ్చి కడిగినట్టు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, తర్వాత మిగతావన్నీ.

తర్వాత లైవ్ రీడింగ్. కే-లైన్ నెమ్మది కాబట్టి ఇరవై మీటర్లు ఒకేసారి పెడితే ఏదీ కదలదు. రైల్ ప్రెజర్ ఒక్కటే పెట్టుకున్నాను. నిలబడి ఉన్నప్పుడు 27,000 చుట్టూ ఉంది. యాప్ కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది, వందతో భాగిస్తే బార్లు, అంటే 270. ఇలాంటి డీజిల్ ఇంజిన్‌కు అది మామూలే. బావ నడుపుతుంటే నేను పక్కన ఫోన్ పట్టుకుని తొర్రూరు వైపు పోయాం (నడిపేవాళ్లు ఫోన్ చూడొద్దు, దయచేసి). మూడో గేరులో పూర్తిగా తొక్కమన్నాను. వెయ్యి బార్లు దాటాల్సిన చోట 800 దాకా ఎక్కి, జారుకుంటూ 600కు వచ్చింది. పసుపు లైటు వెలిగింది. బండి మెత్తబడింది. బావ నా వైపు చూశాడు. ఇన్ని రోజులు కడుపులో ఉన్న భయం మొదటిసారి ఆయనకు అంకెల్లో కనిపించింది.

షెడ్డుకు తిరిగొచ్చి ఈ అంకెలు చెబితే అన్న బీడీ పక్కన పెట్టి నవ్వాడు. "తమ్మీ, నీ ఫోన్ జెప్పింది నేను గా రోజే జెప్పిన. ఫిల్టర్ మార్చి జూద్దాం అన్న. మీ బావ ఇనలే, సిటీల కాయితం ఇచ్చిండ్రు గదా."

బావ ఏమీ అనలేదు. అనడానికి కూడా ఏమీ లేదు. ఆ రోజు అన్న చెవి పెట్టి విని, వాసన చూసి చెప్పాడు. ఆయన దగ్గర ప్రింటర్ లేదు. వాళ్లు బొమ్మ, కోడ్, మొత్తం, కింద సంతకం ఉన్న కాగితం ఇచ్చారు. యాభై ఎనిమిది వేలంటే ఇల్లు కుదేలయ్యే మాటే, అయినా కాగితం మీద ఉన్నది కాబట్టి అది నిజంలా కనిపించింది. నోటితో చెప్పిన వెయ్యి రూపాయల మాట ఊహలా కనిపించింది. నాకు ఈ డబ్బా మీద గౌరవం కలిగింది అక్కడే. అన్నకు తెలియనిదేదో అది చెప్పలేదు. అన్న మాటకు పక్కన ఒక అంకె నిలబెట్టింది, అంతే.

ఫిల్టర్ కింద ఉన్న స్క్రూ విప్పి, కోసిన నీళ్ల సీసాలోకి వదిలాడు. ముందు నీళ్లు, తర్వాత టీ రంగు మడ్డి, ఆ తర్వాత డీజిల్. ఆ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కే తెలియాలి. కొత్తది 1,150, పైపుల క్లిప్పులు మార్చినందుకు, గాలి తీసినందుకు అన్న 300 అడిగాడు, బావ ఐదొందలు ఇచ్చాడు. మళ్లీ అదే రోడ్డు, అదే మూడో గేరు. ఈసారి 1,24,000, అంటే 1,240 బార్లు. లైటు రాలేదు. అప్పుడు కోడ్ తుడిచాం. గురువారం పెద్దమ్మ హన్మకొండకు మళ్లీ కారులోనే వెళ్లింది.

ఆ రోజు షెడ్డు దగ్గర చేరినవాళ్ల ప్రశ్నలు కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ అవే రావచ్చు. "ట్రాక్టర్‌కు పనిచేస్తదా?" మా ఊళ్లో ఉన్నవాటిలో దాదాపు అన్నింటికీ మెకానికల్ పంపే, కంప్యూటరే లేదు. దేన్ని అడుగుతాం? "మోటర్‌సైకిల్‌కు?" బీఎస్-6 బైకుల్లో పోర్టు ఉంటుంది కానీ చాలావాటిది ఆరు పిన్నుల వేరే ఆకారం, మధ్యలో అడాప్టర్ కేబుల్ కావాలి, అప్పుడు కూడా అన్నీ పలకవు. "మీటర్ తిప్పిన బండి కనిపెడుతదా?" ఈ మూడో ప్రశ్న అడిగిన కుర్రాడు తెలివైనవాడు.

కిలోమీటర్లు తిప్పారా లేదా అన్నది చవక రీడర్ చాలా కార్లలో చెప్పలేదు. కానీ ఇంకోటి చెబుతుంది. 'కోడ్లు తుడిచాక తిరిగిన దూరం' అని ఒక రీడింగ్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి పోయినప్పుడు అది చూడండి. లైటు ఏమీ లేదు, బండి అద్దంలా ఉంది అంటున్నవాడి కారులో ఆ దూరం 9 కిలోమీటర్లు అని వస్తే, పొద్దున్నే ఎవరో తుడిచారన్నమాట. బ్యాటరీ మార్చినా కొన్ని బండ్లలో సున్నా అవుతుంది, కాబట్టి వెంటనే దొంగ అనకండి, అడగండి. 'రెడీనెస్' అనే పేజీలో పరీక్షలన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తే కూడా అదే అనుమానం. అలాగే 'పెండింగ్' కోడ్లు చూడండి. లైటు వెలిగేంత ముదరని, అప్పుడే మొదలైన జబ్బులవి. లక్షల రూపాయల బండి కొనేముందు ఐదొందల డబ్బా చేసే అతి పెద్ద ఉపకారం ఇదేనని నా అభిప్రాయం. బావ కారు కొన్న రోజు ఇది మా చేతిలో లేదు.

వాడేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. డబ్బాను పోర్టులో పెట్టి మర్చిపోవద్దు. తాళం తీసేసినా పిన్ 16కు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. నాసిరకం డబ్బా రాత్రింబవళ్లు తాగుతూ కూర్చుంటే కొన్నాళ్లకు పొద్దున బండి స్టార్ట్ కాదు. పైగా వీటి బ్లూటూత్ పాస్‌వర్డ్ 1234 లేదా 0000. పక్క కారులోవాడు కూడా కలుపుకోవచ్చు. పని కాగానే పీకి డ్యాష్‌బోర్డ్ అరలో పడేయండి. ఇక యాప్‌లు: మొదటి రోజే డబ్బులు కట్టి కొనక్కర్లేదు. టార్క్ లైట్, కార్ స్కానర్ లాంటివి ఉచితంగానే కోడ్లు చూపిస్తాయి. మూడు నాలుగు వారాలు వాడాక ఏది తక్కువైందో తెలుస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు.

కోడ్ వచ్చాక దాన్ని గూగుల్‌లో కొడితే మొదట వచ్చేది ఎక్కడో అమెరికాలో పెట్రోల్ కారు గురించి రాసింది. మీ ఇంజిన్ రకం, మోడల్ సంవత్సరం కలిపి వెతకండి. వచ్చిన కారణాల జాబితాను ఖర్చు ప్రకారం కింద నుంచి పైకి పేర్చుకోండి. ఆ జాబితా పట్టుకుని మెకానిక్ దగ్గరికి పోయి 'ఇది మార్చు' అనకుండా 'అన్నా, ముందు ఏది చూద్దాం' అని అడగండి. నంబర్లు మనం చూపిస్తే, పరీక్ష ఎలా చేయాలో ఆయనే చెబుతాడు. ఇంజెక్టర్ల నుంచి వెనక్కి కారే డీజిల్ కొలవడానికి మా అన్న నాలుగు సెలైన్ పైపులు, నాలుగు చిన్న సీసాలతో ఒక ఏర్పాటు చేసి పెట్టుకున్నాడు. దాన్ని ఏ యాప్ కూడా చేసి పెట్టదు.

డబ్బా ఇప్పుడు అన్న షెడ్డులోనే ఉంటోంది, పానాల పక్కన ఇంకో మేకుకు. ఫోన్ ఆయనదే. యాప్‌లో ఇంగ్లిష్ పూర్తిగా రాకపోయినా కోడ్ నంబరు చూసి నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు. వారంలో రెండు మూడు వస్తున్నాయి. బావ మాత్రం ప్రతి ఆదివారం తన బండికి పెట్టించుకుని, అక్కను పక్కన కూర్చోబెట్టి అదే తొర్రూరు రోడ్డులో మూడో గేరులో ఒకసారి పోయొచ్చి, స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. ఫిల్టర్‌తో తీరిపోయిందా, లేక వెనక పంపు కూడా నెమ్మదిగా అలసిపోతోందా అన్నది ఇంకా తేలలేదు. మొదటి వారం 1,24,000. తర్వాత 1,24,500. మొన్న ఆదివారం 1,21,000. బండి బాగానే గుంజుతోందట, లైటు రాలేదు, పెండింగ్‌లో కూడా ఏమీ లేదు. ఆ మూడు వేల తేడా అక్క తొక్కమన్నంత గట్టిగా ఆయన తొక్కకపోవడమా, ఇంకేమైనానా అన్నది మరో రెండు ఆదివారాలు చూస్తేగానీ చెప్పలేను. ఈలోగా కిస్తీతో పాటు నెలకు రెండు వేలు పంపు పేరు మీద పక్కన పెట్టమని బావకు చెప్పాను. పెడుతున్నాడని అక్క చెప్పింది.